మినీ లిఫ్ట్ మిషన్ వెనక ఎన్ని బస్తాలు వేయాలి? లెక్క లోడుకా, మోటారుకా?

హొరమావు_సైట్ · ఉదయం 7:10

అందరికీ నమస్కారం. బెంగళూరు హొరమావులో 30×40 అడుగుల సైటు, గ్రౌండ్ ప్లస్ త్రీ. పై స్లాబు వేసి 12 రోజులైంది. సామాను ఎక్కించడానికి మినీ లిఫ్ట్ మిషన్ అద్దెకు తెచ్చాం. కొందరు మంకీ క్రేన్ అంటారే, అదే. సింగిల్ ఫేజ్ 3 హెచ్‌పీ మోటారు, 8 ఎంఎం వైర్ రోప్పు, వేగం నిమిషానికి 20 మీటర్లు, రేకు మీద 300 కేజీలని కొట్టి ఉంది. ముందు కాళ్ళ దగ్గర్నుంచి కప్పీ వేలాడే చోటికి టేపు పెడితే 1.2 మీటర్లు వచ్చింది. ముందు కాళ్ళ నుంచి వెనక బరువుల పెట్టె మధ్యకు 1.8 మీటర్లు. మిషన్ బరువు 120 కేజీలట.

అద్దెకిచ్చినాయన వెనక ఆరు ఇసుక బస్తాలు వేస్తే చాలన్నాడు. ఎక్కించేది 6 అంగుళాల సాలిడ్ బ్లాకులు, ఎంశాండ్ (రాతిని పొడి చేసిన ఇసుక), సిమెంటు, 12 ఎంఎం కడ్డీలు. రోడ్డు వైపు 3 అడుగుల బాల్కనీ బయటికి ఉంది, దానికి ఎదురుగా బెస్కాం వాళ్ళ కరెంటు లైను. ఆరు బస్తాలు చాలుతాయా? మిషన్ ఏ వైపు పెట్టమంటారు?

కడప_సెంట్రింగ్ · 7:32

ఆరు చాలవన్నా. బస్తా యాభై కేజీలు అనుకున్నా మూడు వందలే అవుతాది. ముందర మూడు వందలు, వెనక మూడు వందలు పెట్టి తక్కెడ ఆడించే పని కాదిది. పది బస్తాలకు తక్కువ పెట్టొద్దు. రోడ్డు వైపు అసలే వద్దు, బాల్కనీ మీద ముందు కాళ్ళు ఆనించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

రోప్_కప్పీ · 7:41

కడపన్నా, ఇసుక బస్తా యాభై ఉండదు. సిమెంటు గోతంలో పట్టేది దగ్గర దగ్గర 35 లీటర్లు. మూతి దాకా దట్టిస్తే యాభై పైన వస్తుంది, కానీ మూతి ముడి వేయాలంటే పైన బెత్తెడు వదలాలి. అప్పుడు 40, 45 మధ్య తూగుతుంది. ఎండకు తడారి, కుట్టు దగ్గర కారి, నాలుగు రోజులకు ఇంకా తగ్గుతుంది. ఆరు బస్తాలంటే 240 అని లెక్కేసుకోండి.

లోడ్‌లెక్క · 8:05

హొరమావు గారూ, కొలతలు రాసి మంచి పని చేశారు. లెక్క వేద్దాం.

మిషన్ తిరగబడితే ముందు కాళ్ళ గీత మీద తిరగబడుతుంది. ముందు లాగేది 300 × 1.2 = 360. వెనక పట్టేది బరువు × 1.8. అంటే 200 కేజీలు వెనక ఉంటే సరిగ్గా తూగుతుంది. మీ ఆరు బస్తాలు 240. మిగులు 40 కేజీలే. మిషన్ సొంత బరువు కొంత సాయం చేస్తుంది: దాని మధ్యభాగం ముందు కాళ్ళకు 0.7 మీటర్లు వెనక ఉందనుకుంటే ఇంకో 47 కేజీలు కలిసినట్టు. దాన్ని నేను లెక్కలో కలపను, అదనపు భరోసాగా ఉండనిస్తాను.

అసలు మాట ఇప్పుడు చెప్తాను. వెనక బరువు లెక్క బకెట్టులో ఉన్న లోడుకు వేయకూడదు, మోటారుకు వేయాలి. బకెట్టు పైకి వస్తూ వస్తూ సజ్జ కిందో, పరంజా అడ్డకర్ర కిందో ఇరుక్కుందనుకోండి. మోటారు ఆగదు. దానికి 300 అయినా గోడ అయినా ఒకటే, లాగుతూనే ఉంటుంది. 3 హెచ్‌పీ అంటే దాదాపు 2240 వాట్లు. గేరు బాక్సులో, రోప్పు చుట్టుకునే డ్రమ్ము దగ్గర పోయింది పోగా 60 శాతం రోప్పుకు అందుతుందనుకుంటే, నిమిషానికి 20 మీటర్ల వేగంతో లాగుడు 410 కేజీల దగ్గర తేలుతుంది. అది మామూలు లాగుడు. ఆగిపోయే ముందు ఇండక్షన్ మోటారు తన మామూలు బలానికి రెండు, రెండుంబావు రెట్లు చూపిస్తుంది. అంటే 900 కేజీలు. 900 × 1.2 = 1080. దాన్ని 1.8తో భాగిస్తే 600 కేజీలు.

ఇలాగే వెనక బరువుతో నిలిచే వేలాడే పరంజాలకు యూరప్ ప్రమాణం మూడు రెట్ల భద్రత అడుగుతుంది, అమెరికా నియమం నాలుగు రెట్లు అడుగుతుంది. మీ 300కి మూడు రెట్లు వేసినా అదే 900, అదే 600 కేజీలు. మూడు రెట్లంటే అతిజాగ్రత్త అనుకునేవాళ్ళు ఈ రెండు లెక్కలూ ఒకే చోట కలవడం చూడాలి. మీకు కావలసింది 600, తూకం వేసి చూసిన 600.

బ్లాక్‌మేస్త్రీ · 8:30

600 కేజీలు పైకి మోయించడమంటే కూలీలకు అరపూట పని. వెనక కాళ్ళను కాలమ్ చువ్వలకు గట్టి తాడుతో కట్టేస్తే బరువుల గొడవే ఉండదు. చాలా సైట్లలో అలాగే నడుస్తోంది.

లోడ్‌లెక్క · 8:52

మేస్త్రీ గారూ, మోత కష్టమే, కాదనను. కానీ తాడు బరువుకు బదులు కాదు. నైలాన్ తాడు బిగుసుకునే లోపు పదో వంతు దాకా సాగుతుంది. రెండు మీటర్ల తాడంటే జానెడు సాగాకే పట్టు దొరుకుతుంది. అప్పటికే వెనక కాళ్ళు గాల్లోకి లేచి, ముందు కాళ్ళు పలక మీంచి జారతాయి. పై స్లాబు మీద కాలమ్ అంటే మిగిలినవి పైకి పొడుచుకు వచ్చిన చువ్వలే. వాటిని పక్కకు లాగితే వంగుతాయి, వాటి మొదలు దగ్గర పన్నెండు రోజుల కాంక్రీటు చిట్లుతుంది. పిట్టగోడకు కట్టడం ఇంకా అన్యాయం.

మెట్లగది కాలమ్ పోసి గట్టిపడి ఉంటే, దాని మొదలు దగ్గర 10 ఎంఎం వైర్ రోప్పు చుట్టి, టర్న్‌బకిల్‌తో (తిప్పితే బిగుసుకునే మర) బిగించి రెండో కాపలాగా పెట్టుకోండి. మంచిదే. 600 కేజీలు మాత్రం ఉండాల్సిందే, తాడు వాటికి తోడు.

కడప_సెంట్రింగ్ · 9:04

బస్తాలు వద్దు, కాంక్రీటు దిమ్మెలు పోసుకోండి. 30 సెంటీమీటర్ల పొడుగు, 30 వెడల్పు, 23 ఎత్తు పెట్టెలో పోస్తే దిమ్మె సరిగ్గా యాభై దగ్గరికి వస్తాది. పన్నెండు దిమ్మెలంటే పావు ఘనమీటరు కాంక్రీటు. 1:2:4 పాళ్ళలో బస్తాన్నర సిమెంటు అవుతాది, అంతే. రెండు పక్కలా 10 ఎంఎం కడ్డీ వంచి పిడులు పెట్టండి, ఇద్దరు పట్టుకొని మోయొచ్చు. నడుమ అంగుళం పైపు ముక్క పెట్టి పోస్తే, పేర్చినాక పై నుంచి కింది దాకా కడ్డీ దించి నట్టు బిగించొచ్చు.

నట్టు ఎందుకంటే, బస్తాలైతే ప్లాస్టరింగు వాళ్ళకు ఇసుక తక్కువైన రోజు మొదట చెయ్యి పడేది వెనక బస్తాల మీదనే. ఒకటి విప్పినారా, రెండు విప్పినారా ఎవురికీ తెలీదు. దిమ్మెలైతే ఎవురూ ముట్టరు. నీళ్ళ డ్రమ్ములు కూడా వద్దు, కారిపోతే తెలిసేది మిషన్ లేచినప్పుడే.

పీణ్య_షెడ్డు · 9:20

మధ్యలో వస్తున్నా, క్షమించండి. మాది వేరే రకం. మోటారు, డ్రమ్ము కింద నేల మీద ఉంటాయి. పైన బూమ్‌కి (ముందుకు చాచిన చెయ్యి) కప్పీ మాత్రమే. రోప్పు కింద నుంచి పైకి వెళ్ళి, కప్పీ దాటి, మళ్ళీ కిందికి లోడు దగ్గరికి వస్తుంది. పైన బరువు తక్కువ కదా, వెనక బరువు సగం పెడితే చాలా?

లోడ్‌లెక్క · 9:31

సగం కాదండీ, రెట్టింపు కావాలి. దయచేసి ఈ రోజు పని మొదలుపెట్టే ముందే చూసుకోండి.

మోటారు మిషన్ ఫ్రేము మీదే ఉంటే ముందు కప్పీ దగ్గర కిందికి లాగేది లోడు ఒక్కటే. మీ పద్ధతిలో లోడు వైపు రోప్పు 300 లాగుతుంది, మోటారు వైపు రోప్పూ 300 లాగుతుంది. రెండూ కిందికే. కప్పీ మీద పడేది 600. కొలతలు అవే అయితే మూడు రెట్ల లెక్కకు వెనక 1200 కేజీలు కావాలి. అంత బరువును ఇంటి స్లాబు మీద పెట్టడం సరికాదు. ఒక్కో ట్రిప్పుకు లోడు సగం చేసినా బకెట్టు ఇరుక్కున్నప్పుడు మోటారు లాగుడు సగం కాదు, గుర్తుంచుకోండి. మోటారును పై ఫ్రేము మీదికి మార్చే వీలుంటే మార్చడమే మార్గం.

పీణ్య_షెడ్డు · 9:36

మిషన్ ఆపించాను. సాయంత్రం కొలతలు పెడతాను.

హొరమావు_సైట్ · 10:15

చాలా కృతజ్ఞతలు. దిమ్మెలే పోయిస్తాను. ఇంకో భయం: 600 కేజీలు పన్నెండు రోజుల స్లాబు మీద ఒకేచోట పెడితే స్లాబుకేమీ కాదా?

లోడ్‌లెక్క · 10:48

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఇంటి గది స్లాబుకు మనం వేసే లైవ్ లోడు (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 200 కేజీలు. మనుషులు ఎక్కే పై కప్పుకు 150. మీ మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక కాళ్ళ మీద 650 కేజీల దాకా ఉంటుంది. అది ఒక చదరపు మీటరులో పడితే డిజైన్‌కు నాలుగింతలు. దీనికి మందు, వెనక పెట్టె సరిగ్గా బీము మీదికి వచ్చేలా పెట్టడం. బీము కుదరకపోతే రెండు అంగుళాల మందం పలకలు అడ్డంగా, నిలువుగా రెండు వరసలు పరిచి ఆరడుగుల చదరంలో పంచండి, అడుగున జాకీలు (స్లాబును కింద నుంచి మోసే ఊతలు) పెట్టండి.

ముందు కాళ్ళ సంగతి చాలామంది మరచిపోతారు. లోడు 300 అయితే ముందు కాళ్ళ మీద 300 పడదు. 300 × 3.0 ÷ 1.8 = 500, మిషన్ బరువులో వాటా 73, మొత్తం 573 కేజీలు. తక్కెడలో నడిమి ముల్లు రెండు పళ్ళేలనూ మోసినట్టే. బకెట్టు ఇరుక్కుని మోటారు గట్టిగా గుంజిన క్షణంలో 900, 600, 120 మూడూ కలిసి పదహారు వందల కేజీలు ముందు కాళ్ళ మీదికే వస్తాయి. అందుకే ముందు కాళ్ళు కచ్చితంగా అంచు బీము మీదే ఉండాలి, బాల్కనీ మీద కాదు. కాలి కింద చదరపు అడుగు పలక, అది జారకుండా నాలుగు వైపులా పట్టీ కొట్టండి.

స్లాబు కింద జాకీలు తీసేశారా? ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, ఆరు మీటర్ల లోపు బీముకు 14 రోజులు ప్రాప్స్, అంటే ఆ జాకీలు, ఉండాలి. మీకు ఇంకా 12 రోజులే. మిషన్ పెట్టే గది కింద ప్రాప్స్ తీయకండి, తీసి ఉంటే మళ్ళీ పెట్టండి. దాని కింది అంతస్తులో కూడా అదే వరసలో నిలబెడితే బరువు కిందికి దిగుతుంది. పై ప్రాప్ ఒకచోట, కింది ప్రాప్ ఇంకోచోట పెడితే మధ్య స్లాబును మీరే గుచ్చినట్టు.

హొరమావు_సైట్ · 11:05

జాకీలు ఇంకా ఉన్నాయి. వెనక సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ) వైపు బాల్కనీ లేదు, అంచు బీము ఉంది. అటే పెడతాను.

కరెంట్‌పని · 11:40

మంచి నిర్ణయం. రోడ్డు వైపు లైను 11 కేవీ అయితే బూమ్, రోప్పు, లోడు, కడ్డీ చివర, ఏదీ మూడు మీటర్ల లోపుకు రాకూడదు. 12 మీటర్ల కడ్డీ గాలికి తిరిగితే దాని చివర ఎక్కడిదాకా పోతుందో ఊహించుకోండి. అటు వైపు వద్దనడానికి ఇదొక్కటి చాలు.

ఇక వైరు. టెంపరరీ మీటరు కింద, మిషన్ పైన, మధ్యలో 50 మీటర్ల కేబుల్ అనుకుందాం. 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ నడిచేటప్పుడు 16 ఆంపియర్ల దాకా లాగుతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ అయితే పోను రాను 100 మీటర్లకు 0.74 ఓమ్‌లు. నడిచేటప్పుడు 12 వోల్టులు పోతాయి, అది భరించొచ్చు. స్టార్టింగులో ఐదు రెట్లు లాగితే 59 వోల్టులు పోతాయి. మధ్యాహ్నం లైనే 210 ఉంటే మోటారుకు మిగిలేది 150. లోడుతో గాల్లో ఆపి మళ్ళీ బటన్ నొక్కితే మూలుగుతుంది తప్ప ఎత్తదు. బ్రేకు కాయిల్‌కు కూడా ఆ వోల్టేజీ చాలక బ్రేకు సగం వదిలి టకటకమంటుంది, లైనర్ రాసుకుపోయి కాలిన వాసన వస్తుంది. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే స్టార్టింగు నష్టం 37 వోల్టులకు దిగుతుంది. డబ్బు ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు. కేబుల్ చుట్ట విప్పకుండా వాడొద్దు, వేడెక్కి పైపొర కరుగుతుంది. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), ఫ్రేముకు విడిగా ఎర్తు తీగ తప్పనిసరి.

త్రీ ఫేజ్ మిషన్ వాడేవాళ్ళకు ఒక మాట. కనెక్షన్ మార్చినా, జనరేటర్ మీదికి మార్చినా రెండు ఫేజులు తారుమారై మోటారు ఉల్టా తిరగొచ్చు. పైకి బటన్ నొక్కితే కిందికి పోతుంది. చూసినవాళ్ళు కింది బటన్ నొక్కి పని కానిచ్చేస్తారు. అప్పుడు పై లిమిట్ స్విచ్ (హుక్కు కప్పీ దాకా పోకుండా ఆపే స్విచ్) ఆపేది పైకి బటన్‌ను, లోడును పైకి లాగుతున్నది రెండో బటన్. హుక్కు కప్పీకి గుద్దుకొని రోప్పు తెగుతుంది. కనెక్షన్ ముట్టుకున్న ప్రతిసారీ ఖాళీ హుక్కుతో దిశ చూడండి.

రోప్_కప్పీ · 12:20

ఇప్పుడు రోప్పు, బ్రేకు చెప్తాను. అద్దె మిషన్‌లో మొదట చూడాల్సినవి ఇవే.

8 ఎంఎం, 6×19 (ఆరు పాయలు, పాయకు 19 తీగలు), 1770 గ్రేడు, నార గుండె రోప్పు కొత్తది దాదాపు 37 కిలోన్యూటన్ల దగ్గర తెగుతుంది, అంటే 3.7 టన్నుల పైన. 300కి పన్నెండు రెట్లు, చాలా భద్రం అనిపిస్తుంది. కానీ తెగేది కొత్త రోప్పు కాదు. తోలు గ్లవ్ వేసుకుని, చేతిలో పాత గుడ్డ పట్టుకుని, రోప్పును కప్పీ దాకా మెల్లగా నడిపించండి. తెగిన తీగ ఉంటే గుడ్డ పోగు చిక్కుకుంటుంది. చిక్కిన చోట ఆపి, ఒక మెలిక పొడవులో, అంటే ఒక పాయ రోప్పు చుట్టూ పూర్తిగా తిరిగి వచ్చేంత మేర, తెగిన తీగలు లెక్కపెట్టండి. ఆరు తెగినా, ఒకే పాయలో మూడు తెగినా రోప్పు పారేయాల్సిందే. పాయల మధ్య నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలితే లోపలి నార ఎండిపోయిందని అర్థం. వెర్నియర్‌ను పాయల ఉబ్బు మీద పెట్టి కొలవండి, 7.2 ఎంఎంకి దిగితే పని అయిపోయినట్టే.

చివర హుక్కు దగ్గర లూపుకు థింబుల్ (లూపు లోపల కూర్చునే గాడి రేకు), మూడు యూ క్లాంపులు. క్లాంపుకు క్లాంపుకు మధ్య రెండంగుళాలు. క్లాంపు గాడి ఉన్న దిమ్మ బరువు మోసే రోప్పు మీద, యూ బోల్టు మిగిలిపోయిన తోక మీద కూర్చోవాలి. తిప్పి వేస్తే యూ బోల్టు మోసే రోప్పును కొరికి నలిపేస్తుంది. ఒకటి ఇటు, ఒకటి అటు వేయడం మరీ తప్పు. మొదటి లోడు ఎత్తి దించాక మూడింటినీ మళ్ళీ బిగించండి, తప్పకుండా అర చుట్టు తిరుగుతాయి.

హుక్కు పూర్తిగా కిందికి దిగినా డ్రమ్ము మీద కనీసం రెండు చుట్లు మిగలాలి. హుక్కు పైన ఐదారు కేజీల గుండు ఉందా చూడండి. అది లేకపోతే ఖాళీ హుక్కు దిగేటప్పుడు రోప్పు వదులై, డ్రమ్ము మీద చుట్లు ఒకదాని కింద ఒకటి దూరిపోతాయి. తర్వాత లోడు పెట్టగానే ఆ చుట్టు టక్కున ఊడి, బకెట్టు అడుగు జారి ఆగుతుంది. ఆ కుదుపు బరువు లోడుకు ఎన్నో రెట్లుంటుంది.

గేరు బాక్సు నూనె డిప్ కడ్డీ తీసి ఎండలో చూడండి. బంగారు పొడిలా మెరిస్తే లోపలి కంచు చక్రం అరుగుతోంది. వార్మ్ గేరుకు 460 గ్రేడు నూనె వాడతారు, ఇంజన్ ఆయిల్ పోసి ఉంటే మార్పించండి.

బ్లాక్‌మేస్త్రీ · 12:55

బరువుల సంగతి ఒప్పుకుంటున్నా, లెక్క కళ్ళ ముందే ఉంది. ట్రిప్పుకు 14 బ్లాకులు పెట్టొచ్చా? కూలీలు 14 అంటున్నారు.

లోడ్‌లెక్క · 1:10

400×200×150 సాలిడ్ బ్లాకు 25 కేజీలుంటుంది, వానకు తడిస్తే ఇంకొంచెం. ఇనుప బోను 35 అనుకుంటే పది బ్లాకులతో 285. పద్నాలుగు పెడితే 385. పది దాటొద్దు. 4 అంగుళాల బ్లాకు 17 కేజీలు, అవి పదిహేను. 100 లీటర్ల బకెట్టులో ఎంశాండ్ 160, తడిది 180. అదే బకెట్టు నిండా కాంక్రీటు అయితే 240, బకెట్టు బరువు కలిపితే 300కి అంచున నిలుస్తుంది. బకెట్టు మీద పావు వంతు కిందుగా ఎర్ర గీత పెట్టి కాంక్రీటు ఆ గీత దాకే పోయించండి.

12 ఎంఎం కడ్డీ 12 మీటర్లది 10.67 కేజీలు. పాతిక కడితే 267.

కడప_సెంట్రింగ్ · 1:25

కడ్డీల కట్ట గురించి ఒక మాట. కట్టకు చుట్టి వచ్చే కట్టుతీగలో హుక్కు తగిలించేవాళ్ళున్నారు, అది ఊడొస్తాది. రెండు స్లింగులు (ఎత్తే పట్టీలు), కట్ట పొడుగులో నాలుగో వంతుల దగ్గర రెండు చుట్లు చుట్టి ఉరి బిగించండి. స్లింగు మరీ వాలుగా ఉంటే ఒక్కోదాని మీద బరువు పెరుగుతాది, నేలకు 60 డిగ్రీలకు తగ్గనీయొద్దు. పన్నెండు మీటర్లు ఒకేసారి ఎత్తేదానికి వెనక సెట్‌బ్యాక్‌లో చోటు చాలదు. ఆరు మీటర్లకు కోసుకోండి, లేకుంటే ల్యాపు (కడ్డీకి కడ్డీ కలిపే పొడుగు) చూసి కింద్నే కొలతలకు కత్తిరించి పైకి పంపండి. రెండు కొసలకూ తాడు కట్టి ఇద్దరు దూరంగా నిలబడి పట్టుకోవాల.

బ్లాకుల బోనుకు నాలుగు వైపులా జల్లెడ ఉండాల. పై వరస అంచు దాటకూడదు. ఒక్క బ్లాకు సజ్జకు తగిలి జారినా కింద మనిషి బతకడు. బోను దిగే చోటు చుట్టూ రెండు మీటర్లు తాడు కట్టేయండి, లోడు గాల్లో ఉన్నంతసేపు లోపలికి ఎవురూ పోగూడదు. మనుషుల్ని బకెట్టులో ఎక్కించే పని ఎంత తొందరున్నా చేయొద్దు.

హొరమావు_సైట్ · 2:40

బూమ్ లోపలికి తిప్పేటప్పుడు వెనక పెట్టె కదలదు, బూమ్ మాత్రమే తిరుగుతుంది. దానికేమైనా చూడాలా?

లోడ్‌లెక్క · 3:05

చూడాలి. పెట్టె బూమ్‌తో పాటు తిరిగే మిషన్‌లో వెనక బరువు ఎప్పుడూ లోడుకు ఎదురుగానే ఉంటుంది. మీ దాంట్లో బూమ్ పక్కకు తిరిగితే మిషన్ పక్క కాలి మీద తిరగబడాలని చూస్తుంది. కాళ్ళ మధ్య వెడల్పు మీటరు, నిలువు పైపు ముందు గీత మీద నడుమ ఉందనుకుంటే: లోడు పక్క కాలికి 0.7 మీటర్లు బయట, దిమ్మెలు 0.5 మీటర్లే లోపల. లాగేది 210, పట్టేది మిషన్‌తో కలిపి 360. ముందు వైపు మూడు రెట్లున్న భద్రత ఇక్కడ 1.7కి పడిపోయింది.

అందుకని బకెట్టు పిట్టగోడ దాటగానే అడుగు ఎత్తులో ఉంచి మెల్లగా తిప్పాలి. ఊపుతో తిప్పి టక్కున ఆపితే బకెట్టు బయటికి ఊగి ఆ 0.7 ఇంకా పెరుగుతుంది. పక్క కాళ్ళకు బయటికి లాగే అవుట్‌రిగ్గర్ ఉంటే పూర్తిగా లాగి పిన్ను వేయండి. పిన్ను బదులు కట్టుతీగ, చువ్వ ముక్క పెట్టొద్దు.

రోప్_కప్పీ · 3:30

దిమ్మెలు సిద్ధమయ్యాక పరీక్ష ఇలా చేయండి. మొదట దిమ్మెలన్నీ పేర్చి నట్టు బిగించాలి, ఆ తర్వాతే బూమ్ బయటికి. విప్పేటప్పుడు బూమ్ లోపలికి వచ్చాకే దిమ్మెలు దించాలి. ఈ వరస తప్పితే లోడు లేకపోయినా మిషన్ ముందుకు పడొచ్చు.

పరీక్ష లోడు 375 కేజీలు, అంటే రాసిన దానికి పావు వంతు ఎక్కువ. 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాల్లో కూడా ఈ పావు వంతే ఉంది, ఏడాదికోసారి అర్హుడైన మనిషి మిషన్ పూర్తిగా తనిఖీ చేయాలని కూడా ఉంది. ఆ కాగితం అద్దెకిచ్చినవాళ్ళను అడగండి. లోడును నేల నుంచి అడుగు లేపి ఆపండి. డ్రమ్ము అంచున, పక్కన ఫ్రేము మీద ఎదురెదురుగా సుద్దగీత గీయండి. పది నిమిషాల తర్వాత గీతలు ఎదురెదురుగానే ఉండాలి. వేలెడు జరిగినా బ్రేకు లైనర్‌కు నూనె తగిలి ఉంటుంది లేదా గ్యాపు పెరిగి ఉంటుంది. చాలా మోటారు బ్రేకుల్లో గ్యాపు 0.3 నుంచి 0.5 ఎంఎం మధ్య ఉంటుంది, ఫీలర్ గేజీతో చూసి బిగించాలి.

లోడు వేలాడుతుండగానే వెనక కాళ్ళ దగ్గర ఇంకో పని. లోడు ఎత్తక ముందే ఒక్కో కాలి కింద కాగితం ముక్క పెట్టి ఉంచండి. లోడు గాల్లో ఉన్నప్పుడు దాన్ని లాగి చూడండి. కాగితం చిరగాలే తప్ప రాకూడదు. జారి చేతికి వచ్చిందంటే ఆ కాలు తేలిపోతోంది, దిమ్మెలు తక్కువో, నేల ఎగుడుదిగుడో.

రోజూ పొద్దున ఖాళీ హుక్కుతో పై లిమిట్ స్విచ్ పట్టుకుంటోందా చూడండి, కప్పీకి అరమీటరు కిందనే ఆగాలి.

కరెంట్‌పని · 3:48

ఏప్రిల్, మే సాయంత్రాలు బెంగళూరు వాన గాలితో వస్తుంది, తెలుసుగా. చెట్ల పెద్ద కొమ్మలు ఊగుతుంటే లోడు దించేసి మెయిన్ ఆపండి. తడిసిన బ్రేకు లైనర్ జారుతుంది. వాన వెలిశాక వెంటనే ఫుల్ లోడు వద్దు, ఖాళీ హుక్కుతో పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, సుద్దగీత పరీక్ష మళ్ళీ చేసి మొదలుపెట్టండి. పెండెంట్ స్విచ్‌కు (చేత్తో నొక్కే బటన్ల డబ్బా) ప్లాస్టిక్ సంచి చుట్టడం కంటే లోపలికి తీసి పెట్టడం మేలు.

హొరమావు_సైట్ · 6:20

పన్నెండు దిమ్మెలకు పెట్టెలు కొట్టించాను, రేపు పోస్తాం. మిషన్ వెనక సెట్‌బ్యాక్ వైపు, ముందు కాళ్ళు అంచు బీము మీద. వెనక పెట్టె నడుమ బీముకు 40 సెంటీమీటర్లు ఇవతల పడుతోంది, అక్కడ పలకలు రెండు వరసలు, అడుగున రెండు అంతస్తుల్లోనూ ప్రాప్స్. కేబుల్ 4 స్క్వేర్ ఎంఎం. మూడు రోజుల్లో దిమ్మెలు గట్టిపడగానే మొదలుపెట్టొచ్చు కదా? 3 అడుగుల పిట్టగోడ కట్టేశాం, కప్పీ ఎత్తు సరిపోతుంది.

లోడ్‌లెక్క · 6:45

దిమ్మెలు బరువుకే కాబట్టి మూడు రోజులు చాలు. పిడి పట్టి ఎత్తితే అంచు రాలకుండా ఉంటే సరే. పాత సామాన్ల కొట్లో కాటా ఉంటుంది, రెండు దిమ్మెలు తూచి చూడండి. 47 వస్తే పదమూడోది పోయండి.

కప్పీ ఎత్తు మరొక్కసారి కొలవండి. పిట్టగోడ 0.9 మీటర్లు, దాని పైన అడుగు ఖాళీ 0.3, బోను ఎత్తు, బోను పట్టీ, హుక్కు, గుండు, లిమిట్ స్విచ్‌కు అరమీటరు. బోను ముప్పావు మీటరు, పట్టీ హుక్కు గుండు కలిపి ఇంకో ముప్పావు అనుకుంటే మొత్తం 3.2 మీటర్లు కావాలి. మీ మిషన్ కప్పీ ఎంత ఎత్తులో ఉంది?

హొరమావు_సైట్ · 7:02

2.6 మీటర్లు.

లోడ్‌లెక్క · 7:09

అయితే బోను గోడ దాటదు. లిమిట్ స్విచ్ పైకి జరిపి దాటించొచ్చని ఎవరైనా అంటే వినొద్దు. మిషన్ కాళ్ళ కింద దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచడం అంతకన్నా వద్దు. మిషన్ ముందున్న పిట్టగోడను రెండు మీటర్ల మేర తీసేసి, పని అయ్యాక కట్టుకోండి. ఆ ఖాళీలో బూమ్‌కు రెండు పక్కలా నడుమెత్తు పైపు రెయిలింగు కట్టండి, బకెట్టు లోపలికి వచ్చే చోట మాత్రం తీసి పెట్టే గొలుసు. అక్కడ నిలబడే ఇద్దరికీ సేఫ్టీ బెల్టు, దాని హుక్కు మెట్లగది కాలమ్‌కు. మిషన్‌కు మాత్రం తగిలించొద్దు.

కడప_సెంట్రింగ్ · 7:15

కొత్త గోడే కాబట్టి రేపు పొద్దున్నే తీసేయండన్నా. సిమెంటు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు బ్లాకులు పగలకుండా ఊడొస్తాయి, మళ్ళీ అవే వాడుకోవచ్చు.